తప్పు చూపిన తీగ

ఎలుగుల కనుమలో ప్రాణాలు దక్కించుకుని, ఒక చక్రానికి సగం ఆకులు విరిగిపోయిన బండితో మన ముగ్గురూ సంకేతవనం ముఖద్వారం చేరేసరికి పొద్దు నడినెత్తి దాటింది. ముగ్గురూ అన్నానే గాని, సరిగ్గా చెప్పాలంటే ఇద్దరే. మూడో మనిషి బండిలో ఉంది, కానీ లేదు.

ఆమె కేతకీపురం రాకుమారి తరళ. మాంత్రికుడు ఇంగితభట్టు ఒకనాటి ఉదయం సన్యాసి వేషంలో అంతఃపురపు తోటలోకి వచ్చి, ఆమె నొసట బొటనవేలు ఆనించి, ఆమె ఎరుకను దొంగిలించుకుపోయాడు. మనిషి మాత్రం మిగిలింది. ముద్ద నోట్లో పెడితే నమిలేది. ఎండ పడితే కళ్ళు చికిలించేది. చెయ్యి పట్టుకు నడిపిస్తే నడిచేది. రాజవైద్యులు నాడి చూసి అంతా భేషుగ్గా ఉందన్నారు. నిజంగానే అంతా భేషుగ్గా ఉంది. పేరు పెట్టి పిలిస్తే పలకడానికి లోపల ఎవరూ లేరు, అంతే. ఆ మంత్రానికి గడువు తొంభై రోజులు. తొంభైయో రోజు పొద్దు గుంకేలోగా ఎరుక వచ్చి చేరకపోతే శరీరం తన మనిషిని మరిచిపోతుంది. ఆ తరవాత బ్రహ్మదేవుడే దిగివచ్చినా చేసేదేమీ ఉండదు. ఆ తొంభైయో రోజు ఈ రోజే.

బండి తోలుతున్నవాడు ఎర్రపోతు. రాజూ కాదు, రాజుగారి బావమరిదీ కాదు. నేలను చూసి, బావి ఎక్కడ తవ్వితే నీళ్ళు పడతాయో చెప్పడం అతని వృత్తి. ఆమె ఎరుకను తెస్తామని దేశంలోని వీరులందరూ కత్తులు తళతళలాడిస్తూ ఇంగితభట్టు ఉండే ఈ వనానికి వచ్చారు, ఒక్కడూ తిరిగి వెళ్ళలేదు. ఇతని దగ్గర కత్తి కూడా లేదు, వెదురు కర్ర ఒకటుంది. మూడేళ్ళ కిందట కోట లోపల అతను చూపిన చోట పదిహేను నిలువులు తవ్వినా చుక్క పడలేదు. వాడి తల తీయించండి అన్నారు మంత్రులు. అప్పుడు తరళ అడ్డుపడి, "మనిషన్నాక తప్పడా? ఇంకోచోట చూడనివ్వండి" అన్నది. రెండో చోట నీళ్ళు పడ్డాయి, తల మిగిలింది. ఆనాటి నుంచి ఎర్రపోతు ఆ తలను తనదనుకోవడం మానేశాడు.

ఇక రాకుమారిని ఒంటికి ఆనించుకుని బండిలో కూర్చున్నది మాచెమ్మ, తరళకు పాలిచ్చి పెంచిన దాది. ఆమె నోటికి జడిసి కేతకీపురంలో సేనాపతులే వీధి మారి నడిచేవారు. తొంభై రోజులుగా ఆ నోరు రాకుమారితో మాట్లాడుతూనే ఉంది. జవాబు లేకపోయినా, ఉన్నట్టే ఆగి, తలాడించి, మళ్ళీ మాట్లాడేది. ఆ ఆగడం చూడలేక ఎర్రపోతు ఎద్దుల వైపు ముఖం తిప్పుకునేవాడు.

కొత్త పెళ్ళికూతుళ్ళను ఈ వనానికి తెచ్చి శకునం అడగడం ఆ చుట్టుపట్ల ఆనవాయితీ. అందుకే తరళకు పెళ్ళికూతురి వేషం కట్టారు. నెత్తిన బాసికం, మోచేతుల దాకా గాజులు, నడుము దాకా పూలజడ. మాచెమ్మ మేనత్త, ఎర్రపోతు పెళ్ళికొడుకు పంపిన బండివాడు.

ద్వారం దగ్గర ద్విముఖుడనే రాక్షసుడు కాపలా ఉన్నాడు. తాటిచెట్టంత మనిషి. భుజాల మీద రెండు తలలు. కుడి తలకు నమ్మకం ఎక్కువ, ఎడమ తలకు అనుమానం ఎక్కువ, ఇద్దరికీ కలిసి ఉన్నది ఒకటే పొట్ట.

"పెళ్ళికూతురి పేరు?" అన్నది కుడి తల.

"చిట్టెమ్మ" అన్నాడు ఎర్రపోతు.

"నిన్నడగలేదు. ఆమె చెప్పాలి" అన్నది ఎడమ తల, బండిలోకి వంగుతూ.

మాచెమ్మ తొణకలేదు. "మా ఇళ్ళల్లో అత్తారి గడప తొక్కేదాకా పిల్ల నోరు విప్పకూడదు నాయనా. విప్పిస్తే విప్పించినవాడి తలకు చుట్టుకుంటుంది. మామూలువాళ్ళకైతే ఒకటే తల, పేచీ లేదు. నీకు ఏ తలకు చుట్టుకుంటుందో మీరిద్దరూ ముందు తేల్చుకుని, తరవాత అడగండి."

"అడగాలన్నది నువ్వు కాబట్టి నీకే" అన్నది కుడి తల.

"పేరు అడగడం మొదలుపెట్టింది నువ్వు" అన్నది ఎడమ తల.

మాటా మాటా పెరిగింది. ఎప్పటి పాత తగువులో బయటికి వచ్చాయి, ఎవరి వాటా మాంసం ఎవరు మింగారన్న దాకా పోయింది. ఉన్న రెండు చేతులూ ఒకదాన్నొకటి పట్టుకుని మెలితిప్పుకోవడం మొదలెట్టాయి. ఎర్రపోతు ఎద్దుల తోకలు మెత్తగా నొక్కాడు. బండి ఆ రాక్షసుడి కాళ్ళ సందుల్లోంచి లోపలికి జారిపోయింది.

లోపల చూడాలి ఆ శోభ. ఇంద్రనీలాల్లాంటి కొలనులు, కెంపుల గుత్తుల్లా వేలాడే మోదుగలు, వెండి పట్టీల్లా గలగలమనే సెలయేళ్ళు. ఏ గాలీ లేకుండానే ఆకులు వెల్లకిలా తిరుగుతున్నాయి. చీమలు బారులు కట్టి నేల మీద అక్షరాలు దిద్దుతున్నాయి. చిలకల గుంపు ఆకాశంలో బాణమై నిలిచి తూర్పు చూపిస్తే, దాని పైనున్న మబ్బు చెయ్యిలా సాగి పడమర చూపిస్తున్నది. ప్రతి పువ్వూ ఏదో చెప్పబోతున్నట్టు ముందుకు వాలి ఉంది. ఎర్రపోతు బతుకంతా నేల చెప్పే గుర్తులు పట్టి చదివినవాడు. అలాంటివాడికి ఆ చోట కళ్ళు తిరిగాయంటే మిగతావాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు.

మిగతావాళ్ళు దారి పొడుగునా కనబడుతూనే ఉన్నారు. కిరీటాలు పక్కకు వాలిపోయి, ఆ వనపు మాయకు గడ్డాలు మోకాళ్ళ దాకా పెరిగి, వీరులందరూ చెట్టుకొకడు చొప్పున కూర్చుని చదువుకుంటున్నారు. కవచం తొడిగిన ఒక యువరాజు అరచేతిలో రావి ఆకు పెట్టుకుని ఈనెలు లెక్కపెడుతున్నాడు.

"లే నాయనా, మాతో రా" అన్నది మాచెమ్మ.

"ఇదొక్కటి తేలనివ్వు తల్లీ, వచ్చేస్తా. దగ్గరికొచ్చింది" అన్నాడతను, తల ఎత్తకుండా. పాపం, అతని ఒళ్ళో పిచ్చుక గూడు పెట్టి పిల్లల్ని కూడా చేసింది.

మన ఎర్రపోతు మాత్రం తక్కువ తిన్నాడా? ఎద్దులు దప్పికతో నురగలు కక్కుతున్నాయి. అంతలో దారి పక్కన ఒక నేరేడు చెట్టు, దానికి తూర్పున నిలువెత్తు చెదలపుట్ట కనబడ్డాయి. అతని తండ్రి నేర్పిన మొదటి పాఠమే అది: నేరేడుకు తూర్పున పుట్ట ఉంటే దక్షిణాన తియ్యటి నీళ్ళు. ఇక ఆలోచన ఏముంది? బండి దిగి, పుట్టను ఆనుకుని దక్షిణాన ఉన్న పచ్చగడ్డిలోకి గబగబా అడుగుపెట్టాడు. ఇంకో రెండు అడుగులు వేస్తే నీళ్ళ జాడ తెలుస్తుందనగా, అలవాటు కొద్దీ వెనక్కి చెయ్యి చాపి పుట్టను తడిమాడు. పొడి. పుట్ట మీద తడిమన్ను పూత లేదు. గిల్లి చూస్తే లోపల ఒక్క పురుగు లేదు. వెనక్కి తిరిగేలోగా కాళ్ళ కింద గడ్డి చాపలా చుట్టుకుపోయి, అడుగు కనబడని అగాధం నోరు తెరిచింది.

ఎర్రపోతు గాలిలో వేలాడుతూ పుట్ట అంచు పట్టుకున్నాడు. అది చేతుల్లో పిండిలా రాలుతున్నది. మాచెమ్మ బండి తాడు విసిరింది. రెండోసారి విసిరితే అందింది. ఎద్దులను అదిలించి ఆమె అతన్ని గట్టు మీదికి లాగించింది. మోకాళ్ళూ మోచేతులూ చెక్కుకుపోయి ఎర్రపోతు నేల మీద పడి ఒగర్చాడు.

"నీళ్ళు చూసేవాడివి నీకు ఇది తెలియలేదా?" అన్నది మాచెమ్మ.

"నీళ్ళు చూసేవాణ్ణి గనకనే పడ్డాను అవ్వా. ఇంకొకడైతే పుట్ట వైపు చూడనే చూడడు." కొంతసేపు ఊపిరి తీసుకుని అన్నాడు, "చెదపురుగు నా కోసం పుట్ట పెట్టదు. దాని తడి కోసం అది కిందికి పోతుంది, దాని పని అది చేసుకుంటుంది. మనం దాని వెంట పోయి నీళ్ళు కనుక్కుంటాం. ఈ పుట్టలో పురుగే లేదు. గుర్తు ఉంది, గుర్తు వెనక పని లేదు. అడవి ఏదీ మన కోసం పెట్టదు. ఇవన్నీ ఎవరో మన కోసం పెట్టినవి."

"అయితే ఏది నమ్మాలి మరి?"

ఎర్రపోతు ఎద్దుల పలుపులు వదులు చేశాడు. "వీటికి చదవడం రాదు. దాహం ఉంది, ముక్కు ఉంది. ఇవి ఎటు పోతే అటే."

ఎద్దులు చిలకల బాణాన్ని పట్టించుకోలేదు, మబ్బుచేతినీ పట్టించుకోలేదు. ముట్టెలు పైకెత్తి, ముళ్ళపొదల్లోంచి, రాళ్ళ మీదుగా, దారి కాని దారిన బండిని ఈడ్చుకుపోయాయి. పొద్దు వాలే వేళకు వనం నట్టనడుమ ఒక చిన్న ఊట దగ్గర ఆగి, మూతులు ముంచి, ఆదమరిచి తాగాయి.

ఆ ఊట ఒడ్డున, బల్లపరుపు బండ మీద, బక్కపలచని ముసలాయన కూర్చుని ఉన్నాడు. పక్కన నాగబెత్తం. ఇంగితభట్టు అంటే కోరలూ పుర్రెలదండా ఉంటాయని ఎర్రపోతు అనుకున్నాడు. ఈయన చూడబోతే, పెళ్ళివారింట్లో అందరూ భోజనాలకు లేచిపోయాక అరుగు మీద మిగిలిపోయిన పెద్దమనిషిలా ఉన్నాడు.

"బాసికం వంకరగా కట్టావమ్మా" అన్నాడు మాచెమ్మతో. "రాకుమారిని తెచ్చినందుకు సంతోషం. నువ్వెవరివోయి? కత్తి లేకుండా ఇక్కడి దాకా వచ్చినవాడివి నువ్వొక్కడివే."

"నీళ్ళు చూసేవాణ్ణి స్వామీ. ఆమెది ఆమెకు ఇప్పించండి, వెళ్ళిపోతాం."

"ఇద్దామన్నా అది ఎక్కడుందో నాకు తెలియదు." ఇంగితభట్టు చేతులు చాచి వనమంతా చూపించాడు. "పోసింది నేనే. ఎందులో ఇంకిందో తెలియదు. నేల మీద కుండెడు నీళ్ళు పోసి, ఏ పొరలో ఆగాయో చెప్పమంటే పోసినవాడు చెప్పగలడా?"

"అసలెందుకు పోశావయ్యా?" అన్నది మాచెమ్మ. ఆమె గొంతులో తొంభై రోజుల మంట ఉంది. "నీకు ఈ పిల్ల ఏం అపకారం చేసింది?"

ముసలాయన జవాబు మాంత్రికుడిలా చెప్పలేదు. "ఏ అపకారమూ చెయ్యలేదు. అరవై ఏళ్ళు గుర్తులు చదివానమ్మా. కాకి కూత, బల్లి పాటు, మెరుపు వంపు, చీమల బారు. ఇన్ని చెబుతున్నది గదా, చెప్పేవాళ్ళు ఎవరో ఒకరు ఉండకపోతారా అనుకున్నాను. జాబులు వస్తూనే ఉన్నాయి, రాసేవాళ్ళు మాత్రం కనబడలేదు. చివరికి ఓపిక నశించింది. ఒక నిండు మనసును తెచ్చి ఇందులో పోస్తే ఈ కొండా కోనా నాతో మాట్లాడతాయనుకున్నాను. వనం నిండా గుర్తులైతే మొలిచాయి. మాటే లేదు. మంత్రంలో ఎక్కడో లోపముంది."

మాచెమ్మ తిట్టడానికి నోరు తెరిచి మూసేసింది. ఎర్రపోతుకు కూడా, చెప్పకూడదు గాని, ఆయన మీద జాలి కలిగింది. అయితే పడమటి కొండ మీద పొద్దు రెండు బారల ఎత్తులోకి దిగింది. జాలికి తీరిక లేదు.

"నేను వెతుకుతాను" అన్నాడు.

"వెతుకు. కట్టడి ఒకటుంది. ఒకే ఒక్కదాన్ని తాకాలి. సరైనదైతే ఆమెకు ఆమె వస్తుంది. కాకపోతే ఆమె ఇక ఇందులోనే, నీ ఎరుక కూడా ఇందులోనే." ఇంగితభట్టు కళ్ళు మెరిశాయి. "ఎక్కడుందో నువ్వు కనిపెడితే నాకూ తెలుస్తుంది. తీసుకుపోనిస్తానా లేదా అన్నది తరవాత చూద్దాం."

ఎర్రపోతు కర్ర పక్కన పెట్టి, తలపాగా విప్పి, ఊట పక్కన నేల మీద కూర్చున్నాడు. వాళ్ళ వృత్తిలో ఒక పద్ధతి ఉంది. కొత్త చోట నీళ్ళు అడిగే ముందు, అంతకు ముందు తాను తప్పిన బావులన్నీ వరసగా నేలకు చెప్పుకోవాలి. ఒక్కటి దాచినా నేల నోరు విప్పదంటారు. నీళ్ళు పడిన బావుల ఊసు ఎత్తకూడదు.

"మద్దిగుంటలో ఊరబావి. ఎనిమిది నిలువులు తవ్వించాను, బండ తగిలింది" అని మొదలెట్టాడు. "కుమ్మరిపాలెంలో రెండు. ఒకదానిలో ఉప్పునీళ్ళు, ఒకదానిలో ఏమీ లేదు. మేనమామ చేలో ఒకటి. ఆయన పోయేదాకా నాతో మాట్లాడలేదు. కేతకీపురం కోటలో, ఏనుగుల శాల వెనక ఒకటి. పదిహేను నిలువులు. ఆ బావి వల్ల నా తల పోవలసింది."

నేల మీద అరచేయి ఆనించి అడిగాడు. "తప్పినవన్నీ చెప్పుకున్నాను. ఇప్పుడు చెప్పండి. ఈ ఊట నాకు కుడివైపు నుంచి వస్తున్నదా, ఎడమవైపు నుంచా?"

రెప్పపాటులో వనమంతా కదిలింది. కొమ్మలు, ఆకులు, పూలు, చీమలు, చిలకలు, ఆకాశంలో మబ్బులు, అన్నీ ఒక్కసారే కుడివైపు తిరిగాయి. అది నిజమే. బండ కింద తడి చార కుడివైపు నుంచే వస్తున్నదని అతనికి ముందే తెలుసు.

"చూశావా, ఒక్కటీ తప్పదు" అన్నాడు ఇంగితభట్టు గర్వంగా.

"అవ్వా" అన్నాడు ఎర్రపోతు నెమ్మదిగా, "ఆ పడిపోయిన మొద్దు మీద చూడు."

మొద్దు మీద అడవిదొండ తీగ ఒకటి పాకి ఉంది. ఎవరూ రెండోసారి చూడని తీగ. దాని కొస మిగతావాటి కంటే కాస్త ఆలస్యంగా లేచింది. లేచి ఎడమవైపు సాగింది. సగం సాగి, చుట్టూ ఉన్నవన్నీ కుడికి తిరిగి ఉండడం చూసినట్టు ఆగింది. ముడుచుకుంది. ఎవరైనా చూశారేమో అన్నట్టు కొంచెంసేపు ఊరుకుని, మెల్లగా కుడివైపు తిరిగింది.

మాచెమ్మ నోట వచ్చిన మాట ఆమె మామూలు గొంతులో లేదు. "నా తల్లి. దానికి కుడీ ఎడమా ఏనాడు తెలిసిందిరా. పీటల మీద కూర్చోబెట్టి ప్రసాదం పెడితే ఎడం చెయ్యి చాపేది. నేను కళ్ళెర్ర చేస్తే, గమ్మున మార్చుకుని, ఎవరు చూశారా అని చుట్టూ చూసేది."

"పొగ తప్పు చెప్పదు అవ్వా" అన్నాడు ఎర్రపోతు లేస్తూ. "నిప్పుంటే లేస్తుంది, లేకపోతే లేదు. చీమ గుడ్లు మోసుకుపోతే వాన వస్తుంది, రాకపోతే చదివిన మనమే తప్పినట్టు. గుర్తు ఎప్పుడూ తప్పదు. తప్పాలంటే లోపల ఒకళ్ళు ఉండాలి. తప్పానని తెలుసుకోవాలన్నా ఉండాలి."

ఆ మాట పూర్తికాలేదు, ఇంగితభట్టు నాగబెత్తం అందుకుని లేచాడు. ముసలితనం ఎటు పోయిందో, ఆకాశమంత గొంతుతో ఏదో అరిచి బెత్తాన్ని బండకేసి కొట్టాడు. వనమంతా పిచ్చెత్తినట్టు ఊగింది. కుడిని చూపినవన్నీ ఎడమకు, పైకి, కిందికి, తోచిన దిక్కుకల్లా తిరిగాయి. వేళ్ళు నేలను చీల్చుకుని లేచి ఎర్రపోతు కాళ్ళకు చుట్టుకున్నాయి. చిలకల బాణం కిందికి దిగి అతని ముఖం మీద గోళ్ళతో చీరింది. అన్నిటినీ మించి, మొద్దు మీదా, బండల మీదా, బండి మీదా కూడా అదే అడవిదొండ తీగ వందల సంఖ్యలో మొలిచి, ఒకదానిలో ఒకటి పెనవేసుకుంది. ఏది ఏదో బ్రహ్మకు కూడా తెలియదు.

ఎద్దులు బెదిరి బండిని లాక్కుని పరిగెత్తబోతే మాచెమ్మ కాడి పట్టుకు వేలాడింది, రెండో చేత్తో తరళ నడుము పట్టుకుని. ఎర్రపోతు కాలి చుట్టూ ఉన్న వేళ్ళను కర్రతో చితక్కొడుతూ, పాకుతూ, ఆ తీగల రాశి దగ్గరికి చేరాడు. పడమటి కొండ మీద పొద్దు సగం కుంగింది. ఎర్రటి ఎండ ఒక్క చార మాత్రం ఊట మీద మిగిలి ఉంది.

"ఇప్పుడు అన్నీ తప్పులే" అని నవ్వాడు ఇంగితభట్టు, కానీ ఆ నవ్వులో ఏడుపు వినబడింది. "ఎంచుకో."

ఎర్రపోతు ముఖం మీది నెత్తురు తుడుచుకున్నాడు. ఒక్కటే తాకాలి. ఇదివరకు తప్పితే బావి పోయింది, ఇప్పుడు తప్పితే మనిషి పోతుంది. అతను గట్టిగా అరవలేదు. బండివాడు పెళ్ళికూతురితో మాట్లాడినట్టు నెమ్మదిగా అడిగాడు.

"రాకుమారీ, తొందరేమీ లేదు. ఊట కుడా, ఎడమా?"

వందల తీగలూ ఒక్క ఊపున ఎడమకు పడ్డాయి. పడి, పడిన చోటే నిలిచిపోయాయి. తప్పు చెయ్యమన్నారు, చేశాయి, వాటి పని అయిపోయింది. ఒక్క కొస, అన్నిటికీ అడుగున, ఎడమకు పోయి, ఆగి, ముడుచుకుని, మిగతావన్నీ ఎడమనే ఉన్నా సరే, సందేహపడుతూ సందేహపడుతూ కుడివైపు ఒక వేలెడు పాకింది.

ఎర్రపోతు దాన్ని తాకాడు.

గాలి లేదు, ఉరుము లేదు. తీగ అతని వేలికి ఒకసారి చుట్టుకుని, వదిలేసి, వట్టి తీగలా వాలిపోయింది. చీమలు అక్షరాలు చెరిపేసి ఆహారం వెతుక్కోవడానికి పోయాయి. చిలకలు చిలకల్లాగే అరుస్తూ ఎగిరిపోయాయి. దూరాన ఎక్కడో, చెట్ల కిందున్న వీరులు ఒక్కొక్కరే లేచి, "ఇదేమిటి, గడ్డం ఇంత పెరిగిందేమిటి" అనుకోవడం వినబడింది.

బండిలో తరళ గట్టిగా ఊపిరి పీల్చింది. కళ్ళు ఆర్పింది. కిందికి చూసుకుని మెడ కదిలించింది.

"మాచీ, ఈ పూలజడ ఎవరు వేశారే? మెడ విరిగిపోతోంది" అన్నది.

మాచెమ్మ తొంభై రోజులూ ఏడవలేదు. ఆ లోటంతా అప్పుడే తీర్చుకుంది. ఎర్రపోతు ఎద్దుల మెడలు నిమురుతూ వాటి చాటున కళ్ళు తుడుచుకున్నాడు. తల మీద ఉన్న బరువు దిగిపోయి, ఆ తల మళ్ళీ తనదే అనిపించింది.

సంతోషానికి వ్యవధి దొరికితే అది జానపద కథ ఎందుకవుతుంది? మంత్రం విడిపోయిన వనం కింద నేలంతా డొల్ల. తొంభై రోజులుగా మాయతో నిలిచిన కొండ పెళపెళ విరగడం మొదలైంది. ఊట నీళ్ళు గుడగుడమంటూ లోపలికి ఇంకిపోయాయి. ద్వారం వైపు నుంచి ద్విముఖుడు రెండు నోళ్ళతోనూ కేకలు పెడుతూ పారిపోతున్న చప్పుడు. బండికీ, ఇంగితభట్టు మళ్ళీ కూలబడిన బండకీ మధ్య నేల జానెడు మేర చీలింది.

ఎర్రపోతు బండి మీదికి దూకి పగ్గాలు అందుకున్నాడు. "రాకుమారీ, గట్టిగా పట్టుకోండి."

ముసలాయన కదలలేదు. బెత్తం చేతిలోంచి జారి చీలికలో పడిపోయింది. "పోతూ పోతూ ఒక్క మాట చెప్పి పో తల్లీ" అన్నాడు. "రోజుకు మూడు పూటలా ఈ వనమంతా తిరిగి, ఎవరైనా ఉన్నారా అని అడిగాను. ఒక్కసారైనా నీకు వినబడిందా?"

తరళ బండి అంచు పట్టుకుని ఆయన వైపు చూసింది.

"ప్రతిసారీ వినబడింది తాతా. ప్రతిసారీ ఊఁ అన్నాను. ఆకులతో ఊఁ అనడం నాకు కొత్త, అడ్డదిడ్డంగా ఊగేవి. అలా ఊగిన ఆకునల్లా చీడ పట్టిందని మీరు గిల్లి పారేసేవారు."

ఇంగితభట్టు తన చేతివేళ్ళ వంక చూసుకున్నాడు. చీలిక మూరెడు వెడల్పయింది.

"బండి ఆపు ఎర్రపోతూ" అన్నది తరళ.

"అమ్మా, ఇంకో క్షణం ఆగితే ఎద్దులతో సహా పోతాం."

"ఆపు. ఆయన్ని ఎక్కించుకుందాం."

"వీణ్ణా?" అన్నది మాచెమ్మ, కన్నీళ్ళు తుడుచుకోవడం మానేసి. "నిన్ను ఇంత గోస పెట్టినవాణ్ణా?"

"కోపం ఉందే మాచీ, చాలా ఉంది. ఊరు చేరాక తీరిగ్గా పడతాను."

ఆమె పూలజడ వెనక్కి విసిరి, బండిలోంచి ఒంగి, చీలిక మీదుగా చెయ్యి చాపింది. అవతల బండ ఒరుగుతున్నది. ఇంగితభట్టు ఆ చేతి వంక, దాని వేళ్ళ వంక, అరచేతిలో గీతల వంక తదేకంగా చూస్తూ కూర్చున్నాడు, అది దేనికి గుర్తో ఆలోచిస్తున్నట్టు.

"చదవకండి తాతా" అన్నది తరళ. "పట్టుకోండి."